గుర్రం కోలుకున్నాకే అసలు ఖర్చు

ఎముకలు బయటపడ్డ గుర్రం ఫొటోకు వచ్చినంత డబ్బు, అదే గుర్రం నున్నగా తయారయ్యాక తీసిన ఫొటోకు రాదు. తిండి లెక్క మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు. పస్తులతో చిక్కిపోయి వచ్చిన గుర్రానికి మొదటి రోజుల్లో రోజుకు మూడు కిలోల గడ్డి కూడా పెట్టకూడదు. కోలుకున్న గుర్రం రోజూ ఆరేడు కిలోలు తింటుంది, పాతికేళ్ల దాకా బతుకుతుంది. చేతిలో డబ్బున్నప్పుడు పెట్టకూడదు, పెట్టాల్సిన రోజు వచ్చేసరికి డబ్బుండదు. గుర్రాలను కాపాడే పనిలో నేను చూసిన అసలు చిక్కు ఇదే.

హైదరాబాద్‌కు పడమర, చేవెళ్ల వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న సంరక్షణ కేంద్రంలో నేను వాలంటీరుని. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగిపోయి బరాత్ గుర్రాలు పస్తులున్నాయని విని, ఆంక్షలు సడలాక వెళ్లి చేరాను. వృత్తిరీత్యా లెక్కలు రాసే మనిషిని కాబట్టి, ఆదివారాలు లద్దె ఎత్తి కొట్టాలు కడిగే పనితో పాటు దాతల రసీదులూ ఉత్తరాలూ చూసే పని కూడా మెల్లగా నా చేతికే వచ్చింది. గుర్రం ఎంత తింటోందో, ఎవరు ఎంత పంపుతున్నారో రెండూ పక్కపక్కనే చూడటం వల్ల పైన చెప్పిన చిక్కు నాకు అంకెల్లో కనిపించింది. మల్లి అని మేము పిలుచుకునే ఆడగుర్రం గురించి చెబితే అది తేలిగ్గా అర్థమవుతుంది.

తెల్లటి ఒళ్లు, గులాబీరంగు చర్మం ఉన్న గుర్రాలను ఈ వ్యాపారంలో నుక్రా అంటారు. పెళ్లి ఊరేగింపులకు గిరాకీ వీటికే ఎక్కువ. ఆ లేత చర్మం ఎండకు కమిలి మూతి మీద పొరలు లేస్తుంది. మల్లి వచ్చేసరికి అలాగే ఉంది. ఒక ఖాళీ స్థలంలో పొట్టి తాడుతో కట్టేసి ఉన్న దాన్ని చూసి ఎవరో ఫోను చేశారు. పోలీసులకు ఫిర్యాదు, పశువైద్యాధికారి పరీక్ష, కోర్టు ఉత్తర్వు, ఆ తరవాత మా కేంద్రం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పెంచుకునే జంతువుకు చాలినంత తిండి పెట్టకపోవడం నేరం. మొదటిసారి చేసినవారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అప్పుడు రాసిన అంకెలవి. 2017లో వచ్చిన నిబంధనలతో ఒక మేలు జరిగింది. కేసు నడుస్తున్నంత కాలం జంతువును సంరక్షణ సంస్థకు అప్పగించి, పోషణ ఖర్చు యజమాని చేత కట్టించవచ్చు. కాని ఏ రోజు కిరాయితో ఆ రోజు గడిపే మనిషి దగ్గర వసూలయ్యేది ఎంత? కాగితం మీద అది అతని ఖర్చు, నిజంలో దాతల ఖర్చు.

మల్లి యజమాని కొన్నాళ్లకు చూడటానికి వచ్చాడు. కంచె బయటే నిలబడి, “తింటోందా అమ్మా?” అని అడిగాడు. తింటోందని చెప్పాను. ఇంకేమీ అడగలేదు. అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను కాని రాలేదు.

వచ్చిన గుర్రాన్ని నేరుగా మిగతా వాటితో కలపరు. గ్లాండర్స్ అనే బ్యాక్టీరియా రోగం భయం ఒకటుంది. అది గుర్రాల నుంచి మనుషులకూ సోకుతుంది, టీకా లేదు, సోకిందని తేలిన గుర్రాన్ని ప్రభుత్వ నియమాల ప్రకారం చంపేయాల్సిందే. అనుమానం ఉన్న నమూనాల నిర్ధారణ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా మల్లికి వేరే కొట్టం, వేరే బకెట్లు, వేరే చీపురు. దగ్గరికి వెళ్లేవాళ్లకు మాస్కు, చేతితొడుగులు. ఆ రోజులు మాకు చాలా బరువుగా గడిచాయి. ఫలితంలో రోగం లేదని వచ్చింది.

ఇక తిండి. ఎముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న గుర్రాన్ని చూస్తే ఎవరికైనా ముందు కడుపునిండా పెట్టాలనిపిస్తుంది. అలా పెడితే అది చనిపోవచ్చు. చాలాకాలం పస్తున్న ఒళ్లు తన కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంటుంది. అలాంటి ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం వెళ్తే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. రక్తంలో అవి పడిపోయేసరికి గుండె, ఊపిరి దెబ్బతింటాయి. ఇది వెంటనే కాకుండా కొన్ని రోజుల తరవాత జరుగుతుంది కాబట్టి, బాగా తింటోందని అందరూ సంతోషిస్తున్న సమయంలోనే గుర్రం కూలిపోతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో దీని మీద పరిశోధన చేసి ఒక పద్ధతి చెప్పారు. మా డాక్టరమ్మ అదే పాటిస్తారు. ఆకు ఎక్కువగా ఉన్న లూసర్న్ గడ్డి, అర కిలోకు కొంచెం తక్కువ, నాలుగు గంటలకొకసారి, రాత్రీ పగలూ. మొదటి మూడు రోజులు అంతే. ఆ తరవాత పదో రోజు దాకా ఒక్కోసారి పెట్టేది పెంచుతూ, పెట్టే సార్లు తగ్గిస్తూ పోవాలి. ఉలవలు, తవుడు, బెల్లం దరిదాపుల్లోకి రాకూడదు.

నాలుగు గంటలకొకసారి అంటే అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కూడా. వాలంటీర్లు నిజంగా కావలసింది అక్కడే. గుర్రాలను చూసుకునే సాయీసు చాచా ఒక్కడు ఎన్ని రాత్రులు మేలుకుంటాడు? మేము వంతులు వేసుకున్నాం. నా వంతు రాత్రి త్రాసులో గడ్డి తూచి వేసేదాన్ని. మల్లి కాసేపట్లో తినేసి, రాలిన ఆకుపొడి కోసం సిమెంటు నేలను నాకేది. నాకి నాకి ఆ నేల తడిగా మెరిసేది. తరవాత తల ఎత్తి నా చేతుల వైపు చూసేది. పక్క గదిలోనే మోపులున్నాయి. ఇంకో గుప్పెడు తెచ్చి వేయాలని ప్రాణం కొట్టుకులాడేది. “చేతులు కట్టుకుని కూర్చోమ్మా, ఇప్పుడు పెట్టకపోవడమే సేవ” అని చాచా మొదటి రాత్రే చెప్పి ఉంచాడు.

సరిగ్గా ఆ వారంలోనే దానాలు వెల్లువెత్తాయి. మల్లి వచ్చిన రోజు తీసిన ఫొటో వాట్సాప్‌లో చేతులు మారి ఎక్కడెక్కడికో వెళ్లింది. తెలియని ఊళ్ల నుంచి డబ్బు వచ్చింది. బస్తాలకు బస్తాలు ఉలవలు వచ్చాయి. పుట్టినరోజని ఒకరు, పెళ్లిరోజని ఒకరు బెల్లం దిమ్మలు, రొట్టెలు పట్టుకుని కుటుంబంతో సహా వచ్చారు. తమ చేత్తో తినిపించాలని పిల్లలు కంచె దగ్గర చేతులు చాపి నిలబడేవారు. వాళ్ల ప్రేమ నిజమైనది. వద్దని చెప్పడం కష్టం. అయినా చెప్పాలి. ఒకాయన బాగా నొచ్చుకుని, “ఆకలితో ఉన్న జీవానికి అడ్డుపడతారా?” అని వెళ్లిపోయారు. అప్పటి నుంచి గేటు దగ్గరే ఒక వాలంటీరు కూర్చుని, వచ్చినవాళ్లకు ఈ పద్ధతంతా ఓపికగా వివరిస్తున్నాం. తెచ్చిన బస్తాను తీసుకుని రసీదు ఇస్తాం, ఏ గుర్రానికి ఎప్పుడు పెట్టాలో డాక్టరమ్మ చూసుకుంటారని చెబుతాం.

బరువు చూడటానికి పెద్ద తూకపు యంత్రం మా దగ్గర లేదు. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిరుదు దాకా పొడవు టేపుతో తీసుకుంటాం. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు దాదాపుగా వస్తాయి, కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. మల్లికి మొదట 240 కిలోల దగ్గర తేలింది. దీనితో పాటు ఒంటి పుష్టికి ఒక అంకె వేస్తారు. 1983లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకే రూపొందించిన ఆ కొలమానం 1 నుంచి 9 దాకా ఉంటుంది. మెడ, వెన్ను, పక్కటెముకలు, తోక మొదలు చేత్తో తడిమి చూసి వేస్తారు. 1 అంటే ఎముకల మీద చర్మం, 5 ఉంటే ఆరోగ్యం, 9 అంటే అతి కొవ్వు. మల్లికి మొదట పడ్డది 1.

వాలంటీరు పని అంటే గుర్రాన్ని నిమరడం అనుకుని చాలామంది వస్తారు. ఒక్కసారి వచ్చి, ఫొటో దిగి వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లలో కొందరే మళ్లీ వచ్చి ఉండిపోయారు. ఉండిపోయినవాళ్లు చేసేది పట్టిక నింపడం. ఎన్ని బకెట్ల నీళ్లు తాగింది, ఎన్నిసార్లు లద్దె వేసింది, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి ఆ చివరిది 28కీ 44కీ మధ్య ఉండాలి. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్లింది పేగుల గుండా బయటికి రావాల్సిందే. ఎక్కడైనా అడ్డుపడితే వచ్చే కడుపునొప్పి కొన్ని గంటల్లో ప్రాణం తీయగలదు. ఒక తెల్లవారుజామున ఒక కాలేజీ అమ్మాయి పట్టిక చూసి, సాయంత్రం నుంచి లద్దె ఒక్కసారే పడిందని గుర్తించింది. మల్లి కాలితో నేల గీరుతూ, మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. ఆ అమ్మాయి డొక్కకు చెవి ఆనించి విన్నది. ఆరోగ్యంగా ఉన్న కడుపు గుడగుడలాడుతూ ఉంటుంది, దీనిది ఒకవైపు మౌనంగా ఉంది. వెంటనే ఫోను చేసింది. డాక్టరమ్మ వచ్చి సూది వేసి, ముక్కు గుండా కడుపులోకి గొట్టం దించి మందు పట్టించారు. మధ్యాహ్నానికి లద్దె పడింది. లద్దె పడిందని అంతమంది సంతోషించడం నేను అదే మొదటిసారి చూడటం.

గిట్టల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మల్లి ముందుకాళ్ల గిట్టలు పాతకాలపు జోళ్ల ముక్కుల్లా ముందుకు సాగి, పైకి వంగి ఉన్నాయి. అరిగిన లాడాలు అలాగే ఉన్నాయి, వాటి మీదుగా గిట్ట పెరిగిపోయింది. లాడాలు కొట్టి గిట్టలు సరిచేసే నాల్‌బంద్ నగరం ఆ చివర నుంచి రావాలి. రైల్వే స్టేషన్ల బయట జట్కాబళ్లు వరసగా నిలబడిన కాలంలో తెలుగు ఊళ్లలో లాడాలు కొట్టేవాళ్లకు కొదవలేదు. 2019 పశుగణన నాటికి దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలే మిగిలాయి, 2012 లెక్క మీద 45 శాతానికి పైగా తగ్గుదల. గుర్రాలతో పాటే ఆ పని తెలిసినవాళ్లూ కరువవుతున్నారు. వచ్చిన నాల్‌బంద్ మల్లి కాలిని తన మోకాళ్ల మధ్య పెట్టుకుని, మేకుల కొనలు కత్తిరించి, పట్టకారుతో లాడాన్ని వెనక నుంచి ముందుకు లేపాడు. కింద నల్లగా కుళ్లిన పదార్థం, ముక్కు మూసుకోవాల్సిన వాసన. వంకర కత్తితో కుళ్లినంత మేర గీకి, ఆకురాయితో అంచు అరగదీశాడు. సాగిన ముక్కును మాత్రం ఒకేసారి కోయలేదు. ఆ వంకర నడకకే కాలి నరాలు అలవాటు పడి ఉంటాయి, ఒక్కసారి సరిచేస్తే కుంటుతుందని చెప్పాడు. ఆరు వారాలకొకసారి వచ్చి కొంచెం కొంచెం తీశాడు.

గిట్ట నెలకు సెంటీమీటరు లోపే పెరుగుతుంది. వెంట్రుకల అంచు దగ్గర పుట్టిన కొత్త గిట్ట నేలను తాకేదాకా రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. తిండి మారిన సమయంలో గిట్ట చుట్టూ ఒక గాడి పడుతుందని నాల్‌బంద్ నాకు వేలు పెట్టి చూపించాడు. పైన నునుపు, కింద గరుకు, మధ్యలో ఆ గాడి. నెలలు గడిచేకొద్దీ అది కిందికి దిగుతుంటుంది. ఆ తరవాత దాతలకు నేను పంపిన ప్రతి ఉత్తరంలో మల్లి ముఖం ఫొటో కన్నా ముందు ఆ గిట్ట ఫొటో పెట్టాను. గాడి ఎక్కడికి చేరిందో చూస్తే మీ డబ్బు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుందని రాశాను.

నోటి గాయాలు అన్నిటికన్నా ఆలస్యంగా మానాయి. పెదాల మూలల్లో, నాలుక మీద పాత గాట్లున్నాయి. ముళ్లున్న కళ్లెం వల్ల అయ్యేవి అవి. బరువులు లాగే, మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనలే అలాంటి కళ్లేన్ని నిషేధించాయి, అయినా వాడుతూనే ఉన్నారు. డప్పులు, టపాసులు, లైట్ల మధ్య బెదిరిన గుర్రాన్ని ఆపడానికి నోటికి నొప్పి పెడతారు. అందువల్ల మల్లి మూతి దగ్గరికి చెయ్యి వస్తే చాలు, తల విసిరి గోడకు అతుక్కుపోయేది. దానికి మందు ఏమీ లేదు. బకెట్ బోర్లించుకుని కొట్టంలో కూర్చోవడమే. పిలవకూడదు, ముట్టుకోకూడదు. రసీదు పుస్తకం ఒళ్లో పెట్టుకుని నా పని నేను చేసుకునేదాన్ని. మొదట్లో దాని చెవులు వెనక్కి, పుర్రెకు అతుక్కుని ఉండేవి. వారాలు గడిచాక పక్కలకు వాలాయి. ఇంకా తరవాత నా కలం కదిలిన వైపు తిరగడం మొదలయ్యాయి. ఒక ఆదివారం తనంతట తానే వచ్చి రసీదు పుస్తకం మూల కొరికింది. ఆ పుస్తకం ఇంకా నా దగ్గర ఉంది.

మల్లి మామూలు బరువుకు రావడానికి అయిదు నెలలు పట్టింది. టేపు లెక్కలో 300 దాటింది, ఒంటి అంకె 5కు చేరింది. ఇప్పుడు రోజుకు ఆరు కిలోలు, ఏడాదికి రెండు టన్నులకు పైనే మేత. ఆ అయిదో నెలలో దాని పేరు మీద వచ్చిన విరాళం మొదటి వారంతో పోల్చడానికే వీల్లేనంత తక్కువ. వెనకటి మిగులు లేకపోతే వరిగడ్డితో కడుపు నింపాల్సి వచ్చేది. వరిగడ్డిలో గుర్రానికి కావలసిన బలం ఉండదు.

ఆ నెల పద్దు ముందు పెట్టుకుని కేంద్రం వాళ్లతో గట్టిగా మాట్లాడాను. కొత్త గుర్రం వచ్చినప్పుడు ఒకేసారి డబ్బు అడగవద్దు, నెలనెలా ఇంత అని ఏడాది పాటు ఇవ్వమని అడుగుదాం అన్నాను. కొందరు ఒప్పుకోలేదు. ఫొటో చూసి కరిగిన మనసు ఆ రోజే ఇస్తుంది, మర్నాటికి మరిచిపోతుంది అన్నారు. వాళ్లన్నదీ నిజమే, మొదటి వారం వచ్చే మొత్తం తగ్గింది. కాని ఏడాది చివర చూస్తే గడ్డి ఆగిన నెల లేదు. రిటైరైన ఒక టీచరుగారు ప్రతి నెలా ఒకటో తారీకున పెన్షన్ పడగానే మూడు వందలు పంపుతారు. ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ బరాత్ ఫొటోలు తీసిన ప్రతి పెళ్లికీ కొంత పక్కన పెట్టి పంపుతాడు. రెండు కళ్లూ పోయిన ఒక ముసలి గుర్రం మా దగ్గర ఉంది, దాని ఖర్చు ఒక అపార్టుమెంటువాళ్లు కలిసి భరిస్తున్నారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్లు ఎత్తిపొడుపుగా అంటారు. ఆ అపార్టుమెంటువాళ్లు ఆ మాటే వ్రతంగా పెట్టుకున్నారు.

విరాళం ఇచ్చేవారికి కొన్ని సంగతులు తెలిసి ఉంటే మంచిది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద 80జీ రసీదుతో సగం మొత్తానికి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వచ్చేది, నగదు రూపంలో రెండు వేలు దాటితే అదీ వచ్చేది కాదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులను జంతు సంక్షేమానికి ఖర్చు పెట్టడానికి 2013 కంపెనీల చట్టంలో చోటుంది. విదేశాల నుంచి పంపేవారి విషయం వేరు. డల్లాస్‌లో ఉంటున్న మా బాబాయి డబ్బు పంపుతానన్నారు. ఆయనకు అమెరికా పౌరసత్వం ఉంది కాబట్టి చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం. దాన్ని తీసుకోవాలంటే సంస్థకు ప్రత్యేక రిజిస్ట్రేషన్, 2020 సవరణ ప్రకారం ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. మాకు లేవు, వద్దని చెప్పాం. అదే ఊళ్లో భారత పాస్‌పోర్టుతో ఉన్న మా అన్నయ్య తన సొంత జీతం డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఆ అడ్డంకి లేదు. బాబాయి ఊరుకోలేదు. వాళ్ల ఇంటికి దగ్గరలో ఉన్న గుర్రాల రక్షణ సంస్థలో శనివారాలు పనికి వెళ్తున్నారు. అక్కడ కూడా తనకు మొదట నేర్పింది గడ్డి తూచడమేనని చెప్పారు.

మల్లి కేసు ఇంకా కోర్టులోనే ఉంది. ఆ గుడ్డి గుర్రం పక్క కొట్టంలోనే దాన్ని ఉంచాం. గుర్రాలు మందగా బతికేవి, ఒంటరిగా ఉంచితే తిండి మానేసేవీ ఉంటాయి. కేసు లేని గుర్రాలు కోలుకున్నాక కొన్నిటిని పొలాలు ఉన్నవారికి దత్తత ఇస్తారు. అమ్మకూడదు, బరాత్‌కు పంపకూడదు, ఎప్పుడు వచ్చి చూసినా అడ్డు చెప్పకూడదు అని కాగితం రాయించుకుంటారు.

నెలనెలా వచ్చే డబ్బు నిలకడగా ఉండటంతో ఇంకో పని మొదలైంది. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలు ఉండవు. బరాత్ కిరాయి లేని ఆ రోజుల్లోనే గుర్రాలు చిక్కిపోయి మా దాకా వస్తున్నాయని పాత రికార్డులు తిరగేస్తే తెలిసింది. ఆ వారాల్లో యజమానులకే గడ్డి ఇద్దామని డాక్టరమ్మ అన్నారు. జంతువులను మాడ్చినవాళ్లకు సాయం చేయడమేమిటని వాలంటీర్లలో పెద్ద వాదన జరిగింది. నేను డాక్టరమ్మ పక్షాన నిలబడ్డాను, ఇప్పటికీ అదే నా మాట. గుర్రాన్ని తీసుకొచ్చి చూపించాలి, గిట్టలు కోయించుకోవాలి, ముళ్ల కళ్లెం మాకు అప్పగించి మామూలు కళ్లెం తీసుకెళ్లాలి, అప్పుడే వారానికి సరిపడా గడ్డి. వర్షాలు పడితే గడ్డి తడిసి బూజు పడుతుంది కాబట్టి మే నెలలోనే కొని రేకుల షెడ్డులో నింపుకుంటున్నాం. దానికి ముందుగా చేతిలో డబ్బుండాలి, టీచరుగారి మూడు వందల లాంటివి పోగైతేనే అది ఉంటుంది. కిందటి ఆషాఢంలో మా దగ్గర గడ్డి తీసుకెళ్లిన గుర్రాల్లో ఒక్కటి కూడా కేసుగా మా గేటు లోపలికి రాలేదు.